జంట పలక

ఏం ఉద్యోగం చేస్తున్నావమ్మా అని ఎవరైనా అడిగితే సువార్త "డబ్బాలకి జ్వరం చూస్తాను" అనేది. అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక అద్దాల గది, గదిలో బల్ల, బల్ల మీద కంప్యూటరు పెట్టె. బజారులోకి రాబోయే పెట్టెల్ని కంపెనీలు ముందుగా అక్కడికి పంపేవి. సువార్త వాటిలో ఎప్పుడూ వాడే ప్రాసెసరునీ గ్రాఫిక్స్ కార్డునీ బిగించి, తలుపు మూసి, పనికిమాలిన లెక్కలేవో వాటి నెత్తిన పడేసి, ఊపిరి సలపనివ్వకుండా పని చేయించేది. లోపల వేడి పెరిగి పెరిగి, ఇక పెరగలేక ఒకచోట నిలబడేది. అప్పుడు లోపలి వేడిలోంచి గది వేడి తీసేసి, మిగిలిన అంకె రాసేది. ఆ అంకె ఎంత చిన్నదైతే పెట్టె అంత గొప్పది. చిల్లులు ఎక్కడుండాలి, ఫ్యాను ముందుండాలా పైనుండాలా అని కంపెనీలు జుట్లు పీక్కునేది ఆ ఒక్క అంకె కోసమే.

పెట్టెలోంచి పోయిన వేడి ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. గదిలోకి పోతుంది. గదిలో ఏసీ దాన్ని వీధిలోకి నెడుతుంది. వీధి సంగతి వీధి చూసుకుంటుంది. ఈ వృత్తిలో అందరిదీ అదే అలవాటు, సువార్తదీ అదే.

ల్యాబు యజమాని ప్రద్యుమ్న లోహాల మీద డాక్టరేటు చేసినవాడు. జీతమిచ్చే చోట కుదురుగా ఉండలేక ఈ షెడ్డు పెట్టుకున్నాడు. పగలు ఇతరుల పెట్టెలు పరీక్షించి, ఆ రాబడితో వెనక గదిలో తన సొంత లోహపు పోతలు పోసుకునేవాడు. ఆ పోతల సంగతి ల్యాబులో ఎవరూ పట్టించుకునేవారు కారు. ఒకనాడు ఆయన ఒక నల్లటి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఫ్యాన్లేవి సార్?" అంది సువార్త.

"లేవు."

"చిల్లులు?"

"అవీ లేవు. మూసి నడుపు."

సువార్తతోపాటు పనిచేసే నర్సింగ్ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఇది కంప్యూటరు డబ్బానా సార్, ఇడ్లీ కుక్కరా?" అన్నాడు.

"లోపలున్నవి కాలిపోతాయి సార్. మళ్లీ కొనాలి" అంది సువార్త.

"కాలితే కాలనీ. నువ్వు నడుపమ్మా."

నడిపింది. లెక్కలు పడేసింది. అంకె పెరగలేదు. సెన్సరు ఊడిపోయి ఉంటుందని ఆపి, విప్పి, మళ్లీ అతికించి నడిపింది. అప్పుడూ పెరగలేదు. లోపలి వేడీ గది వేడీ ఒక్కటే చూపిస్తోంది. పెట్టె పక్క తలుపు మీద చెయ్యి వేసి చూస్తే మంచినీళ్ల గ్లాసులా చల్లగా ఉంది. ఇరవయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. మూడోసారి కూడా సెన్సరు విప్పి చూసింది.

ప్రద్యుమ్న నవ్వుతూ ఆమెని వరండాలోకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక ప్లాస్టిక్ తొట్టినిండా నీళ్లున్నాయి. నీళ్లలో బడిపిల్లల పలకంత బూడిదరంగు రేకు ఒకటి మునిగి ఉంది. నీళ్ల మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

"పెట్టె తలుపు లోపల ఒక పలక ఉంది. ఇది దాని జంట. రెంటినీ ఒకే రేకుగా పోసి మధ్యకి చీల్చాను. చీలిపోయామని వాటికింకా తెలీదు. దానికి తగిలిన వేడి దీంట్లోంచి వస్తుంది. అటునుంచి ఇటు వస్తుందే గాని, ఇటునుంచి అటు పోదు" అన్నాడు ప్రద్యుమ్న.

"ఎంత దూరం దాకా సార్?"

"అదే తేలాలి."

నర్సింగ్ ఆ పలకని గోనెసంచిలో చుట్టి, బండి వెనక కట్టుకుని ఘట్‌కేసర్ దాటిపోయి అక్కణ్ణించి ఫోను చేశాడు. "అక్కా, పెట్రోల్ బంక్ కాడ ఉన్న. గిప్పుడు గూడ ఉడుకుడుకుగనే ఉన్నది. సంచి కాలుతదేమో అని భయమైతుంది, జర బంద్ చెయ్" అన్నాడు. ఆ రోజు ల్యాబులో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు.

సువార్త ఇంట్లో ఇద్దరే, ఆమె, ఆమె తండ్రి. దానియేలు మాస్టారు రేపల్లె వైపు జిల్లా పరిషత్తు బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. భార్య పోయాక కూతురి దగ్గరికి మౌలాలి వచ్చేశాడు. జీవితమంతా మైదానంలో ఈల ఊదుతూ పరిగెత్తించి, తానూ పరిగెత్తిన మనిషి. షుగరు ఆయన్ని కాళ్ల దగ్గర పట్టుకుంది. పాదాలకి స్పర్శ పోయింది. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలిసేది కాదు. తెలిసేదల్లా చలి ఒక్కటే. మే నెలలో కూడా చన్నీళ్లలో నిలబడ్డట్టు ఉందనేవాడు.

"స్పర్శ లేని కాలికి చలెందుకేస్తుందే?" అనేవాడు. "ఆ నరాలకి తిక్క పట్టింది."

డాక్టరు మరీ మరీ చెప్పాడు. వేడినీళ్ల సంచీ పెట్టకూడదు, కాపడం కూడదు, పొయ్యి దగ్గర కూర్చోకూడదు. కాలినా ఆయనకి తెలీదు. సువార్త ఆ మాట పోసుకోలు మాటగా తీసుకోలేదు. అందుకే చాలా ఆలోచించింది. ల్యాబులో ఆ జంట పలకల పెట్టెలు రెండు తయారయ్యాయి. రెండోది పరీక్షలకి. మొదటిది సువార్త తన బల్ల కింద పెట్టుకుని, ఉత్తరాలు రాయడానికీ లెక్కలు కట్టడానికీ వాడుకుంటోంది. అలాంటి తేలిక పనికి దాని జంట పలక అరచెయ్యంత వెచ్చగా ఉంటుంది, అంతకు మించదు. ల్యాబులో పెట్టెని అదే పని మీద నడుస్తూ వదిలి, ఆ పలకని ఇంటికి తెచ్చి ముందు తన మంచం మీద పెట్టుకుని వారం పాటు చూసుకుంది. మించలేదు. ప్రద్యుమ్నని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు, ఎక్కువకాలం పరీక్ష కూడా అయినట్టుంటుందన్నాడు. అప్పుడు దాన్ని మందపాటి తువాలులో చుట్టి తండ్రి పాదాల కింద పెట్టింది.

మొదటి రోజు ఆయన ఏమీ అనలేదు. నాలుగైదు రోజులయ్యాక కుర్చీలోంచి కేక వేశాడు. "ఇదిగో, సువార్తా. ఆ చన్నీళ్లు దిగిపోయినట్టున్నాయి."

"నిజంగానా నాన్నా?"

"అబద్ధమెందుకు చెబుతా? నువ్వక్కడ పనిచేస్తుంటే నాకిక్కడ తెలుస్తందిలే. పదకొండింటికి చల్లబడితే టీ తాగడానికెళ్లావనుకుంటా."

నెల తిరిగేసరికి చేతికర్ర పట్టుకుని గేటు దాకా నడిచాడు. ఆ తర్వాత ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం దాకా నడిచాడు. అక్కడ క్రికెట్ ఆడే పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఛాతీ ముందుకు, గడ్డం పైకి అంటూ గదమాయించేవాడు. పిల్లలు నవ్వుకుంటూనే చేసేవాళ్లు. వచ్చే ఈస్టరు తెల్లవారుజామున ఆటో ఎక్కనని, గుడికి నడిచే వస్తానని ప్రకటించాడు. పక్కింటి జుబేదా ఆంటీతో కూడా చెప్పాడు. ఆ సంవత్సరం సువార్త పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. తన ఉద్యోగం ఒక మనిషికి పనికొచ్చిందని మొదటిసారి అనిపించింది ఆమెకి.

పుణె నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్లు పెట్టెని చూడ్డానికి వచ్చిన రోజు, పొద్దున్నే నర్సింగ్ బల్ల తుడుస్తూ "అక్కా, గీత పడ్డది" అన్నాడు. రెండో పెట్టె తలుపు మీద స్క్రూడ్రైవరు జారిన గీత, జానెడు పొడవున తెల్లగా కనబడుతోంది. ప్రద్యుమ్న చూస్తే గోల పెడతాడు. వచ్చేవాళ్లు ఇంకో పావుగంటలో గేటు దగ్గరుంటారు.

సువార్త తన బల్ల కిందున్న మొదటి పెట్టె తలుపు తీసింది. గోడవైపు ఉండేది కాబట్టి అది కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని రెండో పెట్టెకి బిగించింది, గీత పడ్డదాన్ని తన పెట్టెకి బిగించింది. రెండు స్క్రూలు, ఒక గాడి. ఏ పెట్టె తలుపు ఏ పెట్టెకైనా పట్టాలి, పట్టకపోతే ఆ పెట్టె నాసిరకం. ఈ వృత్తిలో అందరూ రోజూ చేసే పనే. ఆ చేతులు అలాంటి తలుపులు ఎన్ని మార్చాయో లెక్కలేదు. మార్చాక గుడ్డతో తుడిచి, రెండో పెట్టెని బల్ల మధ్యకి జరిపి, చీర కుచ్చిళ్లు సర్దుకుని నిలబడింది.

పుణెవాళ్లు ముగ్గురొచ్చారు. వాళ్లలో పెద్దాయన తెలుగువాడే, మాణిక్యరావు అని. ఆయన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. సువార్త లెక్కలు పడేసింది. ఈసారి మామూలు లెక్కలు కాదు. ఏ పెట్టె అయినా తట్టుకోలేక తనంతట తాను ఆరిపోయేంత బరువు. ముప్పావుగంట గడిచింది. అంకె సున్నా దగ్గరే కూర్చుంది. మాణిక్యరావు లేచి తలుపు మీద అరచెయ్యి ఆనించి, తీసి, మళ్లీ ఆనించాడు.

"ఇంత వేడీ ఎక్కడికి పోతోందండీ?"

"చూపిస్తాను రండి" అంది సువార్త. ఇది ఆమెకి ఇష్టమైన ఘట్టం. అందర్నీ వరండాలోకి తీసుకెళ్లి, తొట్టి ముందు వంగి, వేళ్లు ముంచింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి.

మణికట్టు దాకా ముంచింది. చల్లగానే ఉన్నాయి. మాణిక్యరావు కూడా వంగి చెయ్యి పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "చల్లగానే ఉన్నాయే. అంటే వేడి అసలు లేకుండానే పోయిందన్నమాట. ప్రద్యుమ్నగారూ, మీరు చెప్పినదానికంటే ఇది గొప్ప సంగతి." ప్రద్యుమ్న కూడా నీళ్లలో చెయ్యి పెట్టి, అర్థంకాక, అయినా సంతోషంగా తలెత్తాడు. మిగిలిన ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపుకుంటున్నారు.

వేడి లేకుండా పోదని ఆ వరండాలో నిలబడ్డవాళ్లలో ఒక్క సువార్తకే ఆ క్షణాన గుర్తుంది. ఆమె అద్దాల గదిలోకి పరిగెత్తి, మీట కోసం వెతక్కుండా గోడలోంచి తీగనే ఊడబెరికింది. ఆ విసురుకి బల్ల కదిలింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు వెనకే వచ్చిన ప్రద్యుమ్న.

"తలుపు మార్చాను సార్. పొద్దున. గీత పడిందని" అంది. అంటూనే ఫోను తీసింది. ఆయన మొహంలో రంగు పోయింది.

తండ్రి ఫోను ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. జుబేదా ఆంటీకి చేసింది. "ఆంటీ, ఒక్కసారి మా ఇంట్లోకెళ్లండి. నాన్న కాళ్ల కింద పలక తీసెయ్యండి. చేత్తో ముట్టుకోకండి, కర్రతో తొయ్యండి." నర్సింగ్ అప్పటికే బండి తీశాడు. దారంతా ఆమె అతని భుజం పట్టుకుని దేవుణ్ణి అడుగుతూనే ఉంది. ఏం అడుగుతోందో ఆమెకే తెలియదు.

తలుపు బార్లా తీసి ఉంది. జుబేదా గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నిలబడింది. పలక దూరంగా చాప మీద పడి ఉంది. చాప దాని చుట్టూ నల్లబడింది. దానియేలు మాస్టారు కుర్చీలోనే ఉన్నాడు, ఒళ్లో దినపత్రిక ఉంది. కాళ్లు గోధుమరంగుకి మాడిన తువాలులోనే ఉన్నాయి. ఇంట్లో వాసన ఉంది. ఆయనకి జలుబు చేసి రెండు రోజులుగా ఏ వాసనా తెలియడం లేదు.

"ఎందుకమ్మా అంత పరుగు?" అన్నాడు ఆయన. "ఈ జుబేదమ్మ కూడా వచ్చి కర్రతో ఏదో తోసింది. ఫోను లోపల మోగుతుంటే లేవబుద్ధి కాలేదు నాకు. ఇయ్యాళ మోకాళ్లదాకా వెచ్చగా ఉందే. ఎన్నేళ్లయిందో ఇట్టా ఉండి."

సువార్త తువాలు విప్పింది. ఆ తర్వాత బతికినంత కాలం ఆమె ఏ తువాలూ మామూలుగా మడతపెట్టలేకపోయింది.

ఆస్పత్రిలో మొదట వేళ్లన్నారు, తర్వాత పాదాలన్నారు. చివరికి రెండు కాళ్లూ మోకాళ్ల కిందదాకా తీసేశారు. స్పృహ వచ్చాక మాస్టారు దుప్పటి కింద తన పొడుగు ఎక్కడ ఆగిపోయిందో చూసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే చెప్పాడు. తప్పు తనదే. పేపరు చదువుతూ కునుకు తీశాడు, పలక వేడెక్కడం చూసుకోలేదు. డాక్టరుకీ అదే చెప్పాడు, గుడి నుంచి వచ్చిన పాస్టరుగారికీ అదే చెప్పాడు. నర్సుల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పక్కకి ఒత్తిగిల్లాలన్నా, కట్టు దగ్గర దుప్పటి సర్దాలన్నా సువార్తే చెయ్యాలి.

"మా అమ్మాయి చేతికి అలవాటండీ" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా సువార్తకి చచ్చిపోవాలనిపించేది. చెప్పాలని నోరు తెరిచేది. ఆయన మొహం చూసి మూసుకునేది.

ప్రద్యుమ్న వచ్చాడు. దుర్మార్గుడై ఉంటే సువార్తకి పని తేలికయ్యేది, కాని ఆయన అలాంటివాడు కాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, పెద్దాయన్ని చూడ్డానికి లోపలికి వెళ్లలేక, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, సంచిలోంచి కాగితాలు తీశాడు.

"మాణిక్యరావుగారికి జరిగినదంతా చెప్పాను సువార్తా. దాచలేదు. అయినా తీసుకుంటామన్నారు. పరీక్ష చేసింది నువ్వు, కింద నీ సంతకం కావాలి."

"ఎలా పెట్టమంటారు సార్?"

"ఇందులో ఏ అంకె అబద్ధమో చెప్పు. దాన్ని కొట్టేస్తాను."

ఆమె కాగితాలు తీసుకుని చదివింది. లోపలి వేడి, గది వేడి, రెంటికీ తేడా సున్నా. ఎంతసేపు నడిచింది, ఎంత బరువు పడింది. ప్రతి అంకె తాను కళ్లారా చూసిందే. ఒక్కటీ అబద్ధం కాదు.

"రెండో పలక సంగతి ఎక్కడా లేదు" అంది.

"ఇది పెట్టె చల్లదనం పరీక్షమ్మా. పెట్టె చల్లగా ఉందా లేదా? రెండో పలక నీళ్లలో ఉంచమని పెట్టె మీద రాయిస్తాం."

"తాగడానికే నీళ్లు లేని ఇళ్లుంటాయి సార్."

ఆయన కలం మూత తీసి బెంచీ మీద పెట్టాడు. సువార్త ఆ కలం వంక చూస్తూ కూర్చుంది. నిజమైన అంకె కింద సంతకం పెట్టడం, తప్పుడు అంకె కింద పెట్టకపోవడం, ఇన్నేళ్లలో ఆమెకి తెలిసిన నిజాయితీ ఇంతే. నిద్ర లేదు. ఒంట్లో ఓపిక లేదు. కాదనడానికి ఒక్క తప్పుడు అంకె దొరికితే బాగుండునని మళ్లీ మొదటినుంచి చదివింది. దొరకలేదు. పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం మాస్టారికి జ్వరం దిగింది. సువార్త గంజి తాగించింది. ఆయన రెండు గుక్కలు మింగి, "గ్రౌండులో పిల్లలు వస్తున్నారా? ఆ పొట్టోడికి ఇంకా భుజాలు వంగే ఉంటన్నాయా?" అని అడిగాడు. ఇక ఆమెకి ఆగలేదు.

"నాన్నా, నువ్వు కునుకు తియ్యడం వల్ల కాదు. ఆ పొద్దున తలుపులు నేనే మార్చాను. గీత పడిందని. పెద్ద పరీక్ష నీ కాళ్ల కింద జరిగింది. నేనే నడిపాను."

మొత్తం చెప్పింది. తొట్టిలో చెయ్యి పెట్టడం, నీళ్లు చల్లగా ఉండడం, తీగ ఊడబెరకడం, అన్నీ చెప్పింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నాడు. చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టాడు.

"చేతికి అలవాటైన పని. చేసేటప్పుడు నీకు గుర్తు రాలేదు. అది పొరపాటే అమ్మా. దానికి నిన్నేమంటాను?"

సువార్త మంచం పట్టెకి నుదురు ఆనించి ఏడ్చింది. ఆయన తల నిమురుతూనే ఉన్నాడు.

"ఆ పెట్టెలు ఇప్పుడు ఆపేశారా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. పుణెవాళ్లు తీసుకున్నారు. వేలల్లో చేస్తారంట."

"అయితే ఆ రెండో పలకలు ఎక్కడ పెట్టుకుంటారు జనం?"

"ఎవరిష్టం వాళ్లది."

మాస్టారు ఆలోచించాడు. "మనలాగే ఎక్కడో ఒకచోట, మంచికని పెట్టుకుంటారు" అన్నాడు. "పసిపిల్ల పక్క కింద పెట్టుకుంటారు. బాలింత నడుం కింద పెట్టుకుంటారు. అది బాగుందని చెప్పిందెవరు వాళ్లకి? ఎవరో ఒకరు చెప్పి ఉండాలిగా."

సువార్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు సంతకం పెట్టావా?"

"పెట్టాను నాన్నా. అంకెలన్నీ నిజమే."

"ఎప్పుడు?"

"నిన్న."

నిమురుతున్న చెయ్యి ఆగింది. ఆయన దాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకుని దుప్పటి మీద పెట్టుకున్నాడు. నిన్న అంటే ఈ కాళ్లు పోయాక. ఆ లెక్క ఆయన కళ్లలో పూర్తవడం సువార్త చూసింది. లేచి, ఎప్పటిలాగే ఆయన్ని పక్కకి ఒత్తిగిలించడానికి భుజం కింద చెయ్యి పెట్టబోయింది.

"ఉండమ్మా" అన్నాడు దానియేలు మాస్టారు. గొంతులో కోపం లేదు. తల తిప్పి, వార్డు అవతలి కొసన మందులు సర్దుతున్న నర్సుని పిలిచాడు. "సిస్టర్, ఒకసారి ఇటు రాగలరా? నన్ను గోడవైపు తిప్పాలి."